చాక్ పెయింట్‌కీ, వ్యాక్స్‌కీ ఏ బ్రష్‌లు కొనాలి? ఎలా కడగాలి?

రంగులపెట్టె (విజయవాడ)

అందరికీ నమస్కారం. మా అత్తగారి పాత డ్రెస్సింగ్ టేబుల్ మా ఇంటికి వచ్చింది. టేకు కాదు, జంగిల్ వుడ్. కాళ్లు గుండ్రంగా, నడుమ గాడి పడి ఉంటాయి. అద్దం చుట్టూ ఫ్రేముకి పూల చెక్కడం ఉంది. సొరుగుల ముందు భాగం మాత్రం సాపుగా ఉంటుంది. దీనికి చాక్ పెయింట్ వేసి పైన వ్యాక్స్ (చెక్కకి రాసే మైనం) రాద్దామని అనుకుంటున్నాను.

పెయింట్ రంగు ఖాయమైపోయింది కానీ బ్రష్ దగ్గరే ఆగిపోయాను. హార్డ్‌వేర్ షాపులో అడిగితే నల్ల వెంట్రుకల రెండించుల బ్రష్ చేతిలో పెట్టి "దేనికైనా ఇదేనమ్మా" అన్నాడు. ఆన్‌లైన్‌లో చూస్తే చాక్ పెయింట్ బ్రష్ వేరు, వ్యాక్స్ బ్రష్ వేరు, ధరలు చూస్తే పదింతలు తేడా. నిజంగా అంత తేడా ఉంటుందా? వ్యాక్స్‌ని గుడ్డతో రాస్తే సరిపోదా? వ్యాక్స్ అంటుకున్న బ్రష్ నీళ్లతో పోదంటున్నారు, మరి దేంతో కడగాలి?

లీడ్స్_తెలుగు (ఇంగ్లండ్)

రంగులపెట్టె గారూ, ముందు ఆ పెయింట్ స్వభావం తెలిస్తే బ్రష్ సంగతి దానంతటదే తేలుతుంది. చాక్ పెయింట్‌ని 1990లో ఆక్స్‌ఫర్డ్‌లో యానీ స్లోన్ తయారు చేశారు. ఆ పేరు ఆవిడ ట్రేడ్‌మార్క్. అందుకే మిగతా కంపెనీలు డబ్బాల మీద 'చాక్డ్' అనో, 'చాకీ ఫినిష్' అనో రాసుకుంటాయి. నీళ్లతో కలిసే రకమే కానీ బాగా చిక్కగా ఉంటుంది, మెరుపు ఉండదు, గబగబా ఆరిపోతుంది. ఈ చిక్కదనం, త్వరగా ఆరిపోవడం, ఈ రెండింటినీ తట్టుకునేదే మనకు కావలసిన బ్రష్.

నేచురల్ బ్రిసిల్ అంటే జంతువుల వెంట్రుక. దాని ప్రతి పోచ చివరా సహజంగా చీలి ఉంటుంది. ఆ చీలికలే పెయింట్‌ని పట్టుకుంటాయి. ఒక్కసారి ముంచితే ఎక్కువ దూరం లాగొచ్చు, పైన సన్నటి గీతలు కూడా మిగులుతాయి. పాతకాలపు ఫర్నిచర్‌లా కనిపించాలంటే ఆ గీతలు కావాలి. మీద డార్క్ వ్యాక్స్ (ముదురు రంగు కలిపినది) రాస్తే ఆ గీతల్లో కూర్చుని అందంగా ఉంటుంది.

సింథటిక్ అంటే నైలాన్, పాలిస్టర్, లేదా రెండూ కలిపినవి. ఇవి నీళ్లు పెద్దగా పీల్చవు కాబట్టి త్వరగా మెత్తబడిపోవు. సొరుగుల ముఖం, బల్ల పైభాగం నున్నగా రావాలంటే ఇవే మేలు. అప్పుడు పెయింట్‌లో కొద్దిగా నీళ్లు కలుపుకోవాలి.

మీ టేబుల్‌కి నా లెక్క ఇది: గుండ్రని కాళ్లకీ, పూల ఫ్రేముకీ ఒక రౌండ్ నేచురల్ బ్రష్. ఫ్లాట్ బ్రష్‌తో గుండ్రని కాలికి వేస్తే అంచుల దగ్గర పెయింట్ గుట్టగా చేరి కిందికి కారుతుంది, రౌండ్ బ్రష్ కాలి చుట్టూ ఒదిగిపోతుంది. సొరుగులకి ఒకటిన్నర లేదా రెండించుల ఫ్లాట్ సింథటిక్. వ్యాక్స్‌కి ఒకటి. ఈ మూడూ మంచివి కొనండి, ఎనిమిదీ పదీ ఉన్న సెట్ల జోలికి వెళ్లకండి.

చెక్కపని (సికింద్రాబాద్)

నేను ఫర్నిచర్ పాలిష్ పని చేస్తాను. లీడ్స్ అన్న చెప్పింది కరెక్టే. నేను షాపులో బ్రష్ ఎట్లా చూడాలో చెప్తాను, ఎందుకంటే మన దగ్గర కవర్ మీద రాసింది ఒకటి, లోపల ఉండేది ఇంకొకటి.

మొదట బ్రష్‌ని రెండు బొటనవేళ్లతో మధ్యలో పాపట తీసినట్టు విడదీసి లోపలికి చూడండి. రేకు పట్టీ లోపల ఒక చెక్క ముక్క కనపడుతుంది. అది సన్నగా ఉంటే మంచిది, పెయింట్ నిలవడానికి కొంచెం చోటు కావాలి కాబట్టి అసలు లేకుండా కూడా ఉండదు. చవక బ్రష్‌లలో ఈ ముక్క లావుగా పెట్టి చుట్టూ రెండు వరుసల వెంట్రుక అతికిస్తారు. బయటి నుంచి చూస్తే దట్టంగా ఉన్నట్టే ఉంటుంది.

తర్వాత వెంట్రుకని గట్టిగా పట్టి లాగండి. ఒకటీ రెండూ ఊడితే పర్వాలేదు, కొత్త బ్రష్‌లో వదులుగా ఉన్నవి ఉంటాయి. గుంజిన ప్రతిసారీ నాలుగైదు వస్తుంటే అక్కడే పెట్టేయండి. అరచేతి మీద అదిమి వదిలితే వెంటనే నిటారుగా లేవాలి. రేకు పట్టీ పిడి మీద కదలకూడదు. మేకులు కొట్టిన చోట ఇప్పటికే తుప్పు మరక ఉంటే తీసుకోవద్దు.

ఇంటికి తెచ్చినంక వాడే ముందు ఒకసారి సబ్బునీళ్లతో కడిగి, దువ్వి, ఆరబెట్టండి. ఊడాల్సినవి అప్పుడే ఊడిపోతాయి. లేకుంటే చాక్ పెయింట్ త్వరగా ఆరుతుంది కాబట్టి వెంట్రుక అందులోనే అతుక్కుంటది. తడి మీద ఉన్నప్పుడే బ్రష్ మొనతో ఎత్తేయాలి. ఆరినంక లాగితే దాంతోపాటు గీత కూడా పడుతుంది, అక్కడ రుద్ది మళ్లీ వేయాల్సిందే.

తులసికోట (రాజమండ్రి)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. నేను చెక్క దేవుడి మందిరానికి వేద్దామనుకుంటున్నాను. ఈ నేచురల్ బ్రిసిల్ అంటే ఏ జంతువుది? మందిరం కాబట్టి అడుగుతున్నాను.

చెక్కపని

అమ్మా, పెయింట్ బ్రష్‌లలో నేచురల్ అంటే దాదాపు అన్నీ పంది వెంట్రుకే. 'హాగ్', 'చైనా బ్రిసిల్', ఉత్త 'బ్రిసిల్' అని రాసినా అదే. తెల్లగా ఉన్నా, నల్లగా ఉన్నా అదే. మీరు సింథటిక్ అడిగి తీసుకోండి. అనుమానం ఉంటే ఊడిన ఒక పోచని అగ్గిపుల్ల మంటకి చూపించండి. నిజమైన వెంట్రుక అయితే జుట్టు కాలిన వాసన వచ్చి పొడి అవుతుంది. నైలాన్, పాలిస్టర్ అయితే కరిగి చిన్న గట్టి పూసలా ముడుచుకుంటుంది. వ్యాక్స్‌కి కూడా సింథటిక్ బ్రష్‌లు వస్తాయి. అవి దొరక్కపోతే ఉతికిన కాటన్ గుడ్డతో మందిరం మొత్తం చేయొచ్చు, చెక్కడాల్లోకి మాత్రం కొత్త టూత్‌బ్రష్ వాడండి.

లీడ్స్_తెలుగు

తులసికోట గారూ, ఇంకొక మాట. దీపం పెట్టే అర, హారతి వేడి తగిలే పైభాగం దగ్గర వ్యాక్స్ వద్దు. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. కర్నూబా మైనం 80 డిగ్రీలు దాటాక కరుగుతుంది కానీ డబ్బాలో వచ్చే వ్యాక్స్ మెత్తటి మిశ్రమం. ఆ భాగానికి నీళ్లతో కలిసే మ్యాట్ వార్నిష్ వేసుకోండి, సింథటిక్ బ్రష్‌తోనే.

గోడసున్నం (నెల్లూరు)

బ్రష్‌లకి ఇంత ఖర్చు అవసరమా అనిపిస్తోంది. ఫోమ్ రోలర్ తీసుకుంటే చవక, గీతలు పడవు, వాడి పారేయొచ్చు. మా ఇంట్లో అల్మారా తలుపులన్నీ రోలర్‌తోనే వేశాం, బాగానే ఉన్నాయి.

వాల్తేరు_అల (విశాఖపట్నం)

గోడసున్నం గారూ, సాపు తలుపులకి రోలర్ బాగుంటుంది, కాదనను. కానీ రంగులపెట్టె గారిది పూల చెక్కడం ఉన్న ఫ్రేము, గాడులున్న కాళ్లు. అక్కడ రోలర్ పైపైన తగిలి పోతుంది, గుంటల్లోకి పెయింట్ దిగదు. ఇక ఖర్చు అంటారా, సరిగ్గా కడిగి పెట్టుకున్న బ్రష్ ఏళ్ల తరబడి ఉంటుంది. నా దగ్గర ఉన్న రౌండ్ బ్రష్ కొన్నప్పటికంటే ఇప్పుడే బాగా పని చేస్తోంది, మొన అరిగి పనికి అనువుగా తయారైంది.

వ్యాక్స్ గురించి ఎవరూ ఇంకా వివరంగా చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. గుడ్డ సరిపోదా అని అడిగారు. సాపు చోట సరిపోతుంది. కానీ చాక్ పెయింట్ ఉపరితలం గరుకుగా, చిన్న చిన్న రంధ్రాలతో ఉంటుంది. గుడ్డ వ్యాక్స్‌ని పైన పులుముతుంది, బ్రష్ లోపలికి నెడుతుంది. అందుకే వ్యాక్స్ బ్రష్ వెంట్రుక పొట్టిగా, దట్టంగా, మొన గుండ్రంగా ఉండాలి. పొడుగు వెంట్రుక అయితే వంగిపోతుంది, బలం అందదు.

రాసే తీరు: డబ్బాలో బ్రష్ ముంచొద్దు, పెయింట్ పొడి డబ్బాలో పడుతుంది. చెంచాతో కాస్త తీసి పాత పళ్లెంలో వేసుకోండి. బ్రష్ మొనకి కొంచెం అంటించి, ఆ పళ్లెంలోనే రెండు మూడుసార్లు రుద్ది అంతటా సమంగా పట్టేలా చేయండి. తర్వాత జానెడు జానెడు చోటు మాత్రమే పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ రాయండి. వ్యాక్స్ తగిలిన చోట పెయింట్ రంగు ఒక మెట్టు ముదురుతుంది. ఎక్కడ రాశారో, ఎక్కడ వదిలేశారో దాంతోనే తెలిసిపోతుంది. వెంటనే నూలు ఊడని గుడ్డతో మిగులు తుడిచేయండి. వేలితో గీస్తే గీత పడకూడదు, జిగురుగా తగలకూడదు. గీత పడితే వ్యాక్స్ ఎక్కువైనట్టే. మర్నాడు శుభ్రమైన గుడ్డతో రుద్దితే సన్నటి మెరుపు వస్తుంది. మెరుపుకి కొత్త షూ బ్రష్ కూడా చాలా బాగా పని చేస్తుంది, గుర్రపు వెంట్రుకది అయితే మరీ మంచిది.

పెయింట్ వేసిన రోజే మాత్రం వ్యాక్స్ రాయొద్దు, ఒక రాత్రి గడవనివ్వండి. వ్యాక్స్ పూర్తిగా గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అప్పటిదాకా దాని మీద తడి గ్లాసులు, వేడి కప్పులు పెట్టకుండా చూసుకోండి.

పాతసామాను (వరంగల్)

వ్యాక్స్ బ్రష్ మా ఊళ్లో ఎక్కడా దొరకలేదు. రౌండ్ పెయింట్ బ్రష్‌తో నడిపించొచ్చా?

చెక్కపని

నడిపించొచ్చు తమ్ముడూ. గట్టి వెంట్రుక ఉన్న రౌండ్ బ్రష్ తీసుకో. రేకు పట్టీ దగ్గర నుంచి సగం పొడుగు దాకా గట్టి నూలు దారం వరుసగా, బిగుతుగా చుట్టి కట్టు. కింద మిగిలిన సగమే పని చేస్తుంది కాబట్టి పొట్టి బ్రష్ లెక్క గట్టిగా ఉంటుంది. మొన అరిగినప్పుడు నాలుగు చుట్లు విప్పితే సరి. పెద్ద బ్రష్‌లకి పాత పెయింటర్లు ఇట్లనే కట్టేవాళ్లు. కత్తెరతో మాత్రం కత్తిరించొద్దు, చివర చీలికలు పోతాయి, వ్యాక్స్‌లో గీతలు పడతాయి.

రంగులపెట్టె

ఇన్ని వివరాలు ఇచ్చినందుకు అందరికీ ధన్యవాదాలు. ఇంక కడగడం సంగతి కూడా చెప్పండి. ఒక కోటుకీ ఇంకో కోటుకీ మధ్య కూడా కడగాలా?

వాల్తేరు_అల

కోటుకీ కోటుకీ మధ్య కడగక్కర్లేదు. బ్రష్‌ని పాలిథిన్ కవర్‌లో గాలి లేకుండా చుట్టి రబ్బరు బ్యాండ్ వేయండి. మన ఎండాకాలంలో ఫ్యాన్ కింద పెడితే చాక్ పెయింట్ బ్రష్ మీదే ఆరిపోతుంది. పని మొదలుపెట్టే ముందు, మధ్యలో కూడా బ్రష్‌ని తడిపి పిండుకుని వాడండి, పక్కన నీళ్ల స్ప్రే సీసా ఉంచుకోండి.

ఇంకా ముఖ్యమైనది, పెయింట్‌లో బ్రష్‌ని మూడో వంతు మించి ముంచొద్దు. రేకు పట్టీ దాకా పెయింట్ ఎక్కితే అక్కడ ఆరి గట్టిపడుతుంది. లోపల గట్టిపడిన కొద్దీ వెంట్రుకలు బయటికి విచ్చుకుంటాయి. మొన కలవని బ్రష్‌తో అంచులు తిన్నగా రావు. బ్రష్ పాడయ్యేది మొన దగ్గర కాదు, రేకు పట్టీ దగ్గరే.

పెయింట్ బ్రష్‌కి: మిగులు పెయింట్ పాత పేపర్ మీద తుడిచేసి, గోరువెచ్చని నీళ్లు, స్నానం సబ్బుతో అరచేతిలో నురగ వచ్చేలా రుద్దండి. రేకు పట్టీ దగ్గర వేళ్లతో పిసకండి. పంపు కింద పెట్టేటప్పుడు మొన కిందికి ఉండాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. వేడి నీళ్లు వద్దు, బ్రష్ జిగురు వదులవుతుంది. రాత్రంతా నీళ్లలో నానబెట్టడం అసలే వద్దు. పిడి ఉబ్బుతుంది, తర్వాత ఆరి ముడుచుకుంటే రేకు పట్టీ ఊగిపోతుంది.

నేచురల్ బ్రష్‌కి నేను కుంకుడుకాయ రసం వాడతాను. అదీ జుట్టే కదా, జుట్టుకి మంచిదే దానికీ మంచిది. చాకలి సోడా, బట్టల పౌడర్ వెంట్రుకని పెళుసు చేస్తాయి.

చెక్కపని

వ్యాక్స్ బ్రష్ సంగతి నేను రాస్తాను. వ్యాక్స్ టర్పెంటైన్‌లో కరుగుతుంది, నీళ్లలో కరగదు. చిన్న గాజు సీసాలో రెండు వేళ్ల ఎత్తు టర్పెంటైన్ పోసి, బ్రష్‌ని అందులో తిప్పి, పేపర్ మీద పిండండి. రెండోసారి కొత్త టర్పెంటైన్‌లో. ఆ తర్వాత సబ్బుతో కడగండి. సబ్బు వేయకుండా వదిలేస్తే జిడ్డు మిగిలి దుమ్ము పట్టుకుంటది.

థిన్నర్ వాడొద్దు. మన షాపుల్లో థిన్నర్ అంటే ఎక్కువగా ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ ఇస్తారు, అది చాలా ఘాటు. కొన్ని బ్రష్‌ల జిగురుని, పిడి మీది లక్కర్‌ని తినేస్తుంది. కిరోసిన్‌తో కూడా పోతుంది కానీ జిడ్డు వదలదు.

వాడిన టర్పెంటైన్ సింకులో పోయొద్దు. మూత పెట్టి రెండు రోజులు కదపకుండా ఉంచితే రంగు అడుక్కి చేరుతుంది. పైన తేరుకున్నది వేరే సీసాలో వంచుకుంటే మళ్లీ పనికొస్తుంది. సీసా మీద పేరు రాసి, పిల్లలకి అందకుండా పెట్టండి. కిటికీలు తీసి, స్టవ్వుకి, దీపానికి దూరంగా కడగండి. టర్పెంటైన్ తడిసిన గుడ్డల్ని ఉండ చుట్టి డబ్బాలో పడేయకూడదు, అవిసె నూనె తడిసిన గుడ్డల్ని అయితే ఎట్టి పరిస్థితిలోనూ పడేయొద్దు. అవి లోపల వేడెక్కి వాటంతట అవే అంటుకుంటాయి. బయట తీగ మీద విడివిడిగా ఆరేయండి.

సుద్దముక్క (కర్నూలు)

నా సమస్య వేరు. ఇంట్లోనే ఎమల్షన్‌లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపి చాక్ పెయింట్ చేశాం. బ్రష్ మొన రాయిలా బిగుసుకుంది. వెనిగర్ వేడి చేసి నానబెడితే పోతుందని ఎవరో చెప్పారు. ఒక పూటంతా పెట్టాం, చలనం లేదు.

లీడ్స్_తెలుగు

సుద్దముక్క గారూ, అది వెనిగర్‌కి లొంగదు. సుద్ద అంటే కాల్షియం కార్బొనేట్, ఆమ్లం తగిలితే బుసబుసమని కరుగుతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కాల్షియం సల్ఫేట్. నీళ్లు తగలగానే అది జిప్సమ్‌గా మారి గట్టిపడుతుంది, వెనిగర్ దాన్ని ఏమీ చేయలేదు. గట్టిపడిన భాగాన్ని శ్రావణంతో మెల్లగా నొక్కి పొడి చేసి, పేల దువ్వెనతో రేకు పట్టీ నుంచి మొన వైపుకి దువ్వండి. ఎమల్షన్ పొర మిగిలితే మిథైలేటెడ్ స్పిరిట్‌లో కాసేపు నానబెట్టి మళ్లీ దువ్వండి. రేకు పట్టీ లోపల కూడా బిగుసుకుని ఉంటే ఇక ఆ బ్రష్‌ని అంటుకున్న దుమ్ము దులపడానికి ఉంచుకోండి.

ఇకముందు ఇంట్లో చేసుకునేటప్పుడు ప్లాస్టర్ బదులు కాల్షియం కార్బొనేట్ పొడి కలపండి. అది గిన్నెలో గట్టిపడదు కాబట్టి తొందర ఉండదు, బ్రష్ కూడా హాయిగా కడగొచ్చు. ప్లాస్టర్ కలిపిన పెయింట్ కడిగిన నీళ్లు సింకులో పోస్తే పైపులో కూడా గట్టిపడుతుంది, బకెట్లోనే కడగండి.

పాతసామాను

కడిగిన బ్రష్‌లు ఎలా దాచాలి? పోయిన వానాకాలం రెండు బ్రష్‌లకి బూజు పట్టింది, ఒకదాని వెంట్రుక పురుగు కొరికేసింది.

వాల్తేరు_అల

మాకు సముద్రం గాలి, ఏడాదంతా ఇదే గొడవ. తడి మీద ఎప్పుడూ నిలబెట్టొద్దు, మొన పైకి ఉంటే నీళ్లు రేకు పట్టీలోకి దిగుతాయి. వెంట్రుకని వేళ్లతో సరిచేసి, పడుకోబెట్టి గానీ, మొన కిందికి వేలాడదీసి గానీ ఆరనివ్వండి. పిడికి రంధ్రం ఉండేది అందుకే. పూర్తిగా ఆరాక పాత పేపర్‌తో మొన చుట్టూ వదులుగా తొడుగు చేయండి. ప్లాస్టిక్ డబ్బాలో బిగించి పెడితేనే బూజు పడుతుంది. పురుగు పట్టేది నేచురల్ వాటికే, పట్టు చీరల దగ్గర పెట్టినట్టు ఎండిన వేపాకు గానీ, నాఫ్తలిన్ ఉండ గానీ పక్కన పెట్టండి. సింథటిక్‌కి ఆ బెడద లేదు.

రంగులపెట్టె

రౌండ్ బ్రష్ ఒకటి, రెండించుల సింథటిక్ ఒకటి, వ్యాక్స్ బ్రష్ ఒకటి తీసుకున్నాను. చెక్కపని గారు చెప్పినట్టు విడదీసి చూస్తే షాపులో మొదట ఇచ్చిన దాంట్లో సగం చెక్క ముక్కే ఉంది! వేరేది ఇప్పించుకున్నాను. కాళ్లకి ఒక కోటు అయింది, ఎక్కడా కారలేదు.

ఫ్రేము పూలకి క్లియర్ (రంగు లేని) వ్యాక్స్ మీద డార్క్ వ్యాక్స్ రాద్దామనుకుంటున్నాను. అదే బ్రష్ కడిగి వాడొచ్చా?

లీడ్స్_తెలుగు

వద్దండీ, డార్క్ వ్యాక్స్‌కి వేరే బ్రష్ ఉంచుకోండి. ఎంత కడిగినా ఆ గోధుమ రంగు వెంట్రుక కుదుళ్లలో ఉండిపోతుంది. తర్వాతెప్పుడో తెల్ల పెయింట్ మీద క్లియర్ వ్యాక్స్ రాస్తుంటే అక్కడక్కడా మరకలుగా దిగుతుంది. పూల ఫ్రేముకి చిన్నది చాలు, దారం చుట్టిన రౌండ్ బ్రష్ అయినా సరే. రెండు పిడిల మీదా పర్మనెంట్ మార్కర్‌తో 'క్లియర్', 'డార్క్' అని రాసేయండి.

డార్క్ వ్యాక్స్ ఎక్కువైందనిపిస్తే కంగారు పడకండి. గుడ్డకి కొంచెం క్లియర్ వ్యాక్స్ అద్ది దాని మీద రుద్దితే ముదురు రంగు లేచి వస్తుంది. గుంటల్లో ఉన్నది అలాగే వదిలేసి, పూరేకుల పైభాగం మాత్రమే తుడవండి.

చెక్కపని

ఇంకొకటి మేడమ్, వాన పడే రోజు వ్యాక్స్ పని పెట్టుకోకండి. గాలిలో తేమ ఉంటే పెయింట్ లోపల పూర్తిగా ఆరదు, దాని మీద వ్యాక్స్ రాస్తే బ్రష్‌తోపాటు పెయింట్ లేచొస్తది. ముందు ఫ్రేము వెనక భాగంలో, కనపడని చోట రాసి చూసుకోండి.